లస్కరు గారు ఏలూరులో ఉన్న ఆరు నెలలు

మా అపార్ట్‌మెంటు ఏలూరులో సత్రంపాడు వైపు ఉంది. అయిదు అంతస్తులు, అంతస్తుకి నాలుగు ఫ్లాట్లు. నాలుగో అంతస్తులో పదేళ్ల నుంచి ఉంటున్నాను. ఈ పదేళ్లలో ఎందరో అద్దెకొచ్చారు, సామాను సర్దుకుని వెళ్లిపోయారు. సగం మంది పేర్లు కూడా గుర్తులేవు. ఇమ్మానుయేలు గారు ఉన్నది ఆరు నెలలే. అయినా ఆయన గురించి రాయాలనిపించింది. అలా అనిపించడానికి నేను చేసిన తప్పు కూడా ఒక కారణం. ఆ సంగతి దాని చోట చెబుతాను.

ఆయనది పెంటపాడు దగ్గర. నీటిపారుదల శాఖలో లస్కరుగా ముప్ఫై నాలుగేళ్లు పనిచేశారు. లస్కరంటే కాలువ మీద తూముల తలుపులు ఎత్తేవాడు, దించేవాడు. ఏ పిల్లకాలువకి ఎంత నీరు వదలాలో పైనుంచి ఆర్డరు వస్తుంది. ఆ నీటిని నిజంగా చేల దాకా చేర్చేది మాత్రం లస్కరే. తూముకి దగ్గరున్న రైతు ఇంకాస్త వదలమంటాడు. శివారున ఉన్న రైతు తనకి చుక్క కూడా రాలేదంటాడు. ఇద్దరి చేతా మాటలు పడుతూ, కాలువ గట్టు మీద సైకిలేసుకుని ఆ చివరి నుంచి ఈ చివరికి తిరగడమే ఆయన ఉద్యోగం. పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ గేజీ రాయి మీద నీటిమట్టం చూసి ఆఫీసుకి చెప్పాలి. పెళ్లయినా చావైనా ఆ రెండు వేళలూ తప్పలేదని ఆయన భార్య మరియమ్మ గారు మాతో చెప్పేవారు. ఆ చెప్పడంలో ఫిర్యాదు కంటే గొప్పే ఎక్కువ వినిపించేది.

వాళ్లకి ఒక్కతే కూతురు, క్రిస్టినా. చిన్నప్పుడు సెలవు రోజుల్లో తండ్రి సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని తూముల వెంట తిరిగేది. గేజీ చదవడం ఎక్కాల కంటే ముందు వచ్చిందట. తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగు చదివింది. పరీక్ష రాసి, తండ్రి పనిచేసిన శాఖలోనే అసిస్టెంటు ఇంజినీరైంది. ఏలూరులో పోస్టింగు. పెదపాడు మీదుగా కొల్లేటిలోకి వెళ్లే మురుగు కాలువలు కొన్ని ఆమె సెక్షనులో ఉన్నాయి. భర్త సాల్మన్ రైల్వే సిగ్నళ్ల విభాగంలో, దూరంగా రాయగడలో పనిచేసేవాడు. పాప పుట్టాక క్రిస్టినా ప్రసూతి సెలవు అయిపోయింది. ఆమె మళ్లీ డ్యూటీలో చేరాలి. సాల్మన్ బదిలీకి అర్జీ పెట్టుకున్నాడు గానీ అది ఎప్పటికి తేలుతుందో తెలియదు. సరిగ్గా అప్పుడే, నవంబరు నెలాఖరుకి, ఇమ్మానుయేలు గారు రిటైరయ్యారు. అల్లుడు వచ్చేదాకా పాపని చూసుకుందామని, ఇంటికి తాళం పెట్టి, గేదెని మరియమ్మ గారి చెల్లెలికి అప్పగించి, దంపతులిద్దరూ డిసెంబరు మొదట్లో మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో క్రిస్టినా ఉంటున్న ఫ్లాటుకి వచ్చారు.

మరియమ్మ గారు తొందరగానే అలవాటు పడ్డారు. వారం తిరక్కుండా ఏ ఫ్లాటులో ఎవరికి షుగరుందో, ఎవరి కోడలు ఎక్కడ ఉద్యోగమో ఆవిడకి తెలిసిపోయింది. నిలబడి వంట చేయడం నడుముకి హాయిగానే ఉందన్నారు. బట్టలు ఎండేసుకోవడానికి చోటు లేకపోవడమొక్కటే ఆవిడకి నచ్చలేదు. ఇమ్మానుయేలు గారు మాత్రం ఆ ఇంట్లో ఇమడలేకపోయారు. లిఫ్టు తలుపు మూసుకుంటే ఊపిరాడనట్టు ఉండేదట, మూడంతస్తులూ మెట్ల మీదే ఎక్కి దిగేవారు. తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చేసేది. ఆరింటికి ఎక్కడికో వెళ్లాలని కాళ్లు లేచేవి, వెళ్లడానికి ఏమీ ఉండేది కాదు. పాపని ఎత్తుకుని బాల్కనీలో నిలబడేవారు. కొల్లేటి వైపు బారులు తీరి పోయే కొంగల్ని పాపకి చూపించేవారు. పాప కొంగల్ని కాక ఆయన మీసాన్ని చూసేది.

క్రిస్మస్‌కి ఆయనే వెదురు పుల్లలు చీల్చి, రంగు కాగితం అంటించి నక్షత్రం చేశారు. బజారులో దొరికే నక్షత్రాల కంటే అది రెండింతలుండేది. బాల్కనీలో కట్టి లోపల బల్బు వెలిగిస్తే వీధి చివరి దాకా కనిపించింది. ఆ పండక్కి మరియమ్మ గారు అన్ని ఫ్లాట్లకీ కేకు, కారప్పూస పంపించారు. అయిదో అంతస్తులో ఉండే కుసుమకుమారి గారు ఖాళీ పళ్లెం తిరిగివ్వడం ఇష్టంలేక సున్నుండలు చేసి పట్టుకొచ్చారు. కుసుమకుమారి గారు తెలుగు టీచరుగా రిటైరైన మనిషి. డెబ్బై దాటాయి, ఒంటరిగా ఉంటారు. అలా ఆ రెండిళ్లకీ రాకపోకలు మొదలయ్యాయి.

ఆ రోజుల్లోనే ఒక పొరపాటు జరిగింది. మా అసోసియేషన్ ప్రెసిడెంటు రాజకుమార్ గారు రెండో అంతస్తు. పవరుపేటలో ఇనుము కొట్టుంది. మంచిమనిషే గానీ ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగడం ఆయనకి చేతకాదు. ఒకరోజు మెట్ల దగ్గర ఇమ్మానుయేలు గారిని ఆపి, ఏం చేసేవారని అడిగారట. ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యానని ఈయన చెప్పారు. అయితే తండ్రీ కూతుళ్లిద్దరూ ఇంజినీర్లేనన్నమాట అంటూ రాజకుమార్ గారు చెయ్యి కలిపి, జవాబు వినకుండా లిఫ్టెక్కి వెళ్లిపోయారు. మర్నాటి నుంచి అపార్ట్‌మెంటంతటికీ ఆయన ‘ఇంజినీరు గారు’ అయిపోయారు. నేనూ అలాగే పిలిచాను.

మరియమ్మ గారికి ఆ పిలుపు నచ్చలేదు. ఉన్నమాట చెప్పడానికేం అని ఇంట్లో అడిగారట. అమ్మాయి ఈ ఊళ్లో ఉండాల్సిన మనిషి, మనం నాలుగు రోజులుండి పోయేవాళ్లం, ఎందుకులే అన్నారట ఈయన. తర్వాత ఆయనే నాతో చెప్పారు, ఎవరైనా అలా పిలిచినప్పుడల్లా పరాయివాళ్ల చొక్కా తొడుక్కుని నిలబడ్డట్టుండేదని. అందుకేనేమో మాలో ఎవరి దగ్గరా ఎక్కువసేపు కూర్చునేవారు కాదు. కింద గేటు దగ్గర వాచ్‌మన్ బాలస్వామి పక్కన మాత్రం గంటలకొద్దీ కూర్చునేవారు. బాలస్వామిది జంగారెడ్డిగూడెం వైపు. మెట్ల కింద గదిలో భార్యతో ఉండేవాడు. ఆయన్ని ఇంజినీరు గారని పిలవనిది అతనొక్కడే. ‘బాబాయ్ గారండీ’ అనేవాడు.

ఏప్రిల్ వచ్చింది. కాలువలు కట్టేశారు. వేసవిలో కాలువలు కట్టేస్తే ఊరికి నిల్వ చేసిన నీళ్లే దిక్కు. కుళాయిలు రోజు విడిచి రోజు వచ్చేవి. మా బోరు కూడా సన్నగిల్లింది. నాలుగు, అయిదు అంతస్తుల్లో పొద్దున ఏడయ్యేసరికి కుళాయి తిప్పితే బుస్సుమని గాలి వచ్చేది. చిత్రమేమిటంటే, అదే సమయంలో కింది మూడంతస్తుల్లో నీళ్లు బాగానే వచ్చేవి. కుసుమకుమారి గారు రెండు బకెట్లు పట్టుకుని లిఫ్టులో కిందికి దిగి, గేటు దగ్గర కుళాయిలో నింపుకుని పైకి తీసుకెళ్లేవారు. లిఫ్టులో ఒలికిన నీళ్ల మీద కాలు జారి ఒకసారి పడబోయారు కూడా.

ఎవరో ఒకరి మీద కోపం రావాలి కదా. అది బాలస్వామి మీదికి వచ్చింది. తెల్లవారుజామున మోటారు వేళకి వేయడంలేదని, నిద్రపోతున్నాడని, వాచ్‌మన్‌ని మార్చాలని ఒక కాగితం రాసి అందరి దగ్గరా తిప్పారు. తొమ్మిది మంది సంతకాలు పెట్టారు. నాలుగో సంతకం నాది. మోటారు ఎన్నింటికి వేస్తున్నాడో నేనెప్పుడూ లేచి చూసింది లేదు. అయినా పెట్టాను. ఆదివారం సాయంత్రం పార్కింగులో మీటింగు పెట్టి తేల్చేద్దామని రాజకుమార్ గారు చెప్పారు.

ఈ సంగతి బాలస్వామి ఇమ్మానుయేలు గారి దగ్గర చెప్పుకున్నాడు. నాలుగున్నరకి మోటారు వేస్తున్నానని, అయిదున్నరకి ట్యాంకు నిండుతోందని, చెబితే ఎవరూ నమ్మడంలేదని అన్నాడు. ఆయన ఓదార్పు మాటేమీ చెప్పలేదట. మర్నాడు నాలుగున్నరకి చేతిలో టార్చిలైటుతో, బాలస్వామితో పాటు డాబా మీదికెక్కారు. ట్యాంకు మూత తీసి కూర్చున్నారు. ఒక చెక్కపట్టీ మీద అంగుళాల గీతలు గీసి లోపలికి దించారు. అరగంటకోసారి మట్టం చూసి కాగితం మీద రాసుకున్నారు. అలా నాలుగు రోజులు చేశారు.

బాలస్వామి చెప్పింది అక్షరాలా నిజం. అయిదున్నరకి ట్యాంకు నిండుగా ఉండేది. ఆరున్నరకల్లా సగం కంటే కిందికి పడిపోయేది. ట్యాంకు నుంచి కిందికి రెండు పైపులు వెళతాయి. ఒకటి కింది మూడంతస్తులకి, రెండోది పై రెండంతస్తులకి. నీరు తగ్గాక టార్చి వేసి చూస్తే అసలు సంగతి కనబడింది. కింది అంతస్తుల పైపు ట్యాంకు అడుగునే ఉంది. పై అంతస్తుల పైపు మూరెడు ఎత్తున ఉంది. రెండేళ్ల క్రితం ఆ మూల కారుతుంటే ప్లంబరు వచ్చి పాత కన్నం మూసేసి, పైన కొత్త కన్నం పెట్టి పైపు బిగించాడు. అప్పుడు నీళ్లు పుష్కలం, ట్యాంకు ఎప్పుడూ నిండుగానే ఉండేది కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. ఇప్పుడు నీళ్లు కరువు. మట్టం ఆ మూరెడు కిందికి దిగగానే పై పైపు గాలి పీలుస్తోంది, కింది పైపు మిగిలినదంతా లాగేస్తోంది.

ఇది తెలుసుకోవడానికి ఆయన పెద్దగా ఆలోచించాల్సిన పని కూడా లేకపోయింది. ఒక కాలువ మీద ఒక తూము అడుగు ఎత్తుగా, పక్క తూము అడుగు లోతుగా ఉంటే ఎండాకాలంలో ఏం జరుగుతుందో ఆయన ముప్ఫై నాలుగేళ్లు చూశారు.

శనివారం పొద్దున క్రిస్టినాని కూడా పైకి తీసుకెళ్లి చూపించారు. ఆమె మెట్టు మీదికెక్కి లోపలికి తొంగిచూసి, తండ్రి రాసిన అంకెలన్నీ చదివిందట. మీటింగులో ఎవరు చెబుదామని అడిగింది. తనే చెబుతానన్నారాయన.

ఆదివారం సాయంత్రం పార్కింగులో కుర్చీలు వేశారు. బాలస్వామి గేటు దగ్గర దూరంగా నిలబడ్డాడు. రాజకుమార్ గారు కాగితం చదివారు. చదవడం అవగానే ఇమ్మానుయేలు గారు లేచారు. రిటైర్డ్ ఇంజినీరు గారు మాట్లాడతారట, వినండని రాజకుమార్ గారు అందరినీ ఊరుకోబెట్టారు.

“నేను ఇంజినీర్ని కాదండి,” అన్నారాయన. “లస్కర్నండి. కాలువ తూములు ఎత్తడం, దించడం నా ఉద్యోగం. మీరు ఇన్నాళ్లూ పొరబడుతుంటే చెప్పకుండా ఊరుకున్నాను. అది నా తప్పేనండి. కానీ నీళ్ల సంగతి నాకు తెలుసండి. బాలస్వామి తప్పు ఇసుమంత కూడా లేదు.”

నాకు రాజకుమార్ గారి ముఖం చూడాలనిపించలేదు, నా ముఖం ఎవరైనా చూస్తున్నారేమోనని కూడా అనిపించింది. ఇమ్మానుయేలు గారు మాత్రం తొణక్కుండా నాలుగు రోజుల మట్టాలూ చదివి వినిపించారు. పైపుల సంగతి చెప్పారు. ప్లంబరు వచ్చి సరిచేసేదాకా పొద్దున అయిదున్నర నుంచి ఏడు దాకా కింది మూడంతస్తుల వాల్వు సగం కట్టేయాలని, అప్పుడు పైవాళ్లకి కూడా అందుతాయని, కింద ధార సన్నబడుతుంది గానీ ఆగిపోదని వివరించారు. మొదటి అంతస్తు నుంచి ఒకాయన, అలాంటివాటికి సరైన ఇంజినీర్ని పిలిపించి అడగాలి గానీ మనంతట మనం వాల్వులు తిప్పేయడమేమిటన్నారు. ‘లస్కరు చెబితే ఎలా’ అని నోటితో అనలేదు. అందరికీ అలాగే వినబడింది.

అప్పుడు క్రిస్టినా లేచింది. పాప ఆమె భుజం మీద నిద్రపోతోంది.

“ఇంజినీర్ని నేనున్నానండి,” అంది మెల్లగా. “నిన్న పైకెక్కి చూశాను. మా నాన్నగారు చెప్పింది సరిగ్గా ఉంది. నాకు నీళ్ల పని కాలేజీలో నేర్పింది కొంతేనండి. మిగతాది ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మాది మూడో అంతస్తు. వాల్వు కడితే ముందు తగ్గేది మా ఇంటి నీళ్లే. రేపటి నుంచే కట్టమని మా తరఫున చెబుతున్నాను.”

ఆ తర్వాత ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. రాజకుమార్ గారు పైకెళ్లి తన కళ్లతో చూస్తానన్నారు. అయిదారుగురం వెనకే వెళ్లాం. ట్యాంకులోకి తొంగిచూశాక రాజకుమార్ గారు జేబులోంచి ఆ కాగితం తీశారు. నా పేరు కొట్టేయండని నేను అనబోయేలోపే ఆయన దాన్ని నాలుగు ముక్కలుగా చింపేశారు. కిందికి దిగాక బాలస్వామి దగ్గరకెళ్లి, తొందరపడ్డామయ్యా అన్నారు. నేనూ వెళ్లి చెప్పాను. అతను పర్వాలేదండి అన్నాడు గానీ మాలో ఎవరి ముఖం కేసీ చూడలేదు. అతని భార్య గది గుమ్మంలో కూర్చుని చీర కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. సంతకం పెట్టడానికి నాకు అరనిమిషం పట్టింది. ఆ గుమ్మం ముందు నుంచి మామూలుగా నడవడానికి నెల పట్టింది.

సోమవారం పొద్దున ఇమ్మానుయేలు గారే వాల్వు తిప్పారు. బాలస్వామి చేత కూడా తిప్పించి, ఎన్ని చుట్లో చేతికి తెలిసేలా చేశారు. ఎనిమిదింటికి నా వంటింట్లో కుళాయి తిప్పితే నీళ్లొచ్చాయి. కుసుమకుమారి గారు మాత్రం నమ్మక, అలవాటు ప్రకారం బకెట్లు పట్టుకుని లిఫ్టు దాకా వచ్చారట. మరియమ్మ గారు ఎదురై, పైన ఒక్కసారి చూసుకోండని వెనక్కి పంపించారు. పది నిమిషాల తర్వాత ఆవిడ మూడో అంతస్తుకి దిగి వచ్చి, తలుపు దగ్గర నిలబడి పిలిచారు.

“లస్కరు గారూ, ఒకసారి ఇలా రండి. మీకు నమస్కారం పెట్టుకుని వెళతాను.”

ముప్ఫై ఎనిమిదేళ్లు బడిలో అందరి చేతా నమస్కారాలు పెట్టించుకున్న మనిషి ఆవిడ. ఇమ్మానుయేలు గారు కంగారుపడి, అయ్యో మీరెందుకండీ అంటూ తనే ముందు చేతులు జోడించారు. మరియమ్మ గారు ఆ దృశ్యాన్ని నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు.

ఆ పిలుపే స్థిరపడింది. పెద్దవాళ్లూ లస్కరు గారనే అన్నారు, సైకిళ్లు తొక్కుకునే పిల్లలూ లస్కరు తాతయ్యనే అన్నారు. రాజకుమార్ గారు ఎవరైనా కొత్తవాళ్లు వస్తే, వీరు మా లస్కరు గారని, అదేదో పెద్ద హోదా అయినట్టు పరిచయం చేసేవారు. పరాయి చొక్కా విప్పేశాక మనిషి మారిపోయారు. నాలాంటివాళ్ల ఇళ్లకి వచ్చి కూర్చుని కాఫీ తాగేవారు. శివారు చేలకి నీళ్లందించడానికి అర్ధరాత్రి గట్టు మీద కాపలా పడుకున్న రోజులు చెప్పేవారు. లిఫ్టు కూడా ఎక్కడం మొదలుపెట్టారు. ప్లంబరు వచ్చిన రోజు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా డాబా మీద ఎండలో నిలబడి, రెండు పైపులూ ఒకే మట్టానికి వచ్చాయని చెక్కపట్టీ పెట్టి చూస్తే గానీ అతన్ని వెళ్లనివ్వలేదు.

జూన్‌లో కాలువలు వదిలారు. అదే నెలలో సాల్మన్‌కి విజయవాడ డివిజనుకి బదిలీ అయింది. రోజూ ఏలూరు నుంచి రైల్లో వెళ్లిరావచ్చు. పగలు పాపని చూసుకోవడానికి పక్కవీధిలో ఒకావిడ కుదిరింది. ఇమ్మానుయేలు గారు ప్రయాణానికి సిద్ధమయ్యారు. ఇంకో ఫ్లాటు ఖాళీగా ఉంది, అద్దె సంగతి తర్వాత చూసుకుందాం, ఉండిపొమ్మని రాజకుమార్ గారు అడిగారు. ఇక్కడ నా పని అయిపోయిందండీ అని ఈయన నవ్వేశారు. ఆటోలో సామాను పెడుతుంటే బాలస్వామి ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. పాప మాత్రం అమ్మమ్మా తాతయ్యా తననీ సరదాగా బయటికి తీసుకెళతారనుకుని ఆటోలోకి చేతులు చాచింది. క్రిస్టినా దాన్ని గట్టిగా పట్టుకుని, ఆటో మలుపు తిరిగేదాకా నిలబడింది.

జూలైలో ఒకరోజు ఆమె మా ఇంటికొచ్చి ఒక సంగతి చెప్పింది. తాడేపల్లిగూడెం వైపు కాలువల మీద కొత్తగా పదకొండు మందిని లస్కర్లుగా తీసుకున్నారట. వాళ్లకి పని నేర్పడానికి పాత అనుభవం ఉన్న మనిషి ఎవరున్నారని అక్కడి అధికారి అడిగితే, పెంటపాడు రైతులే ఇమ్మానుయేలు గారి పేరు చెప్పారు. నీళ్ల కోసం ఒకప్పుడు ఆయన్ని తిట్టిన శివారు రైతులు కూడా ఆ పేరే చెప్పారట. ఆఫీసులో కుర్చీలు వేసి, బోర్డు పెట్టి, ఆయన్ని మాట్లాడమన్నారు. ఆయన రెండు నిమిషాలు మాట్లాడి, ఇక్కడ కుదరదు, చెప్పులు విప్పేసి నా వెంట రండని అందరినీ కాలువ దగ్గరికి తీసుకెళ్లిపోయారు. మధ్యాహ్నం భోజనాల వేళకి పదకొండు మంది ప్యాంట్లూ మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయని, వాళ్లతో పాటు నీళ్లలోకి దిగిన ఆ అధికారి ప్యాంటు కూడా తడిసిందని చెబుతూ క్రిస్టినా చాలాసేపు నవ్వింది.